కొండ దాటితే యారాడ: విశాఖ పక్కనే దీవిలాంటి తీరంలో ఒక పూట ప్రశాంతంగా గడపడం ఎలా?

వైజాగ్‌లో ఉంటూ దీవి మీదికి వెళ్లి కూర్చోవాలని ఆశపడేవాళ్లకి ముందే ఓ నిజం చెప్పాలి. ఇక్కడ పొద్దున్నే పడవెక్కి, అరగంటలో దిగి, సాయంత్రానికి తిరిగొచ్చే దీవి ఏదీ లేదు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగిన 16 కిలోమీటర్ల పొడవైన ఇసుక మేట అది. కాకపోతే కాకినాడ చేరడానికే 150 కిలోమీటర్ల పైన ప్రయాణం, ఆ తర్వాత పడవ. అండమాన్‌కి మన పోర్టు నుంచే ఓడ వెళ్తుంది కానీ, అది సముద్రం మీద రెండు రాత్రుల పైన పడుతుంది. ఆదివారం చూసుకుని వెళ్లొచ్చే వ్యవహారం కాదు.

అందుకే నేను అడిగినవాళ్లందరికీ యారాడ పేరే చెబుతాను. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి దాదాపు 15 కిలోమీటర్లు. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డంగా ఉండటంతో పోర్టు సైరన్లు, లారీల హారన్లు, నగరం వెలుగు అన్నీ అవతలే ఆగిపోతాయి. ఘాట్ ఎక్కి దిగగానే ఊరితో సంబంధం తెగిపోయినట్టు ఉంటుంది. చుట్టూ నీళ్లు లేవన్న మాటే గానీ, దీవిలో దొరికేదంతా ఇక్కడ దొరుకుతుంది.

అయితే అదే యారాడ ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి వెళ్తే ఆర్కే బీచ్‌కి తమ్ముడిలా ఉంటుంది. పాటలు, పార్కింగ్ గొడవ, ప్లాస్టిక్ ప్లేట్లు. ప్రశాంతత కోసం ఇంకా దూరంగా వెళ్లాలనుకుంటారు చాలామంది. నా అనుభవంలో దూరం కంటే వేళ ముఖ్యం. ఈ మార్గదర్శి మొత్తం ఆ వేళ పట్టుకోవడం గురించే, దాంతోపాటు నీళ్ల దగ్గర ప్రాణం మీదికి తెచ్చుకోకుండా ఉండటం గురించి.

మొదటి అడుగు: రోజు ఎంచుకోవడం

మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి. తెల్లవారేసరికి అక్కడ ఉండి, తొమ్మిదిన్నర, పదికల్లా బయటపడాలి. శని, ఆదివారాలు తప్ప వీలుపడదంటే శనివారం తెల్లవారుజామున వెళ్లండి. శుక్రవారం రాత్రి మేలుకున్న కుర్రాళ్లు ఇంకా లేచి ఉండరు.

కార్తీక మాసంలో వారాంతాలు పూర్తిగా మర్చిపోండి. వనభోజనాల బస్సులు తెల్లారకుండానే బయల్దేరతాయి, కాస్త నీడ ఉన్న ప్రతి చెట్టు కిందా గాడిపొయ్యి వెలుగుతుంది. వనభోజనాలకే వెళ్లాలనుకుంటే అది వేరే సరదా, ప్రశాంతత కావాలంటే మాత్రం ఆ నెలలో సోమవారం కూడా వద్దు. జనవరి 1, కనుమ, ముక్కనుమ కూడా అంతే. మాఘ పౌర్ణమి, శివరాత్రి సమయాల్లో సముద్ర స్నానాలకి జనం తీరమంతా తరలివస్తారు.

నెలల సంగతికొస్తే జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి సగం బాగుంటాయి. ఎండ సుతిమెత్తగా ఉంటుంది, సముద్రం కూడా ఏడాదిలో మిగతా కాలంతో పోలిస్తే నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిన్నరకే ఇసుక కాలడం మొదలవుతుంది. దానికి తోడు నైరుతి గాలి ఊపందుకుని కెరటాలు పెద్దవవుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండలు పచ్చగా, చూడ్డానికి కళ్లు చాలవన్నట్టు ఉంటాయి కానీ సముద్రం మాత్రం కోపంగా ఉంటుంది. ఒడ్డున కూర్చుని చూడాలే తప్ప దగ్గరికి వెళ్లకూడని కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా విరుచుకుపడిందో వైజాగ్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

సూర్యోదయం జనవరిలో ఆరున్నర ప్రాంతంలో, జూన్‌లో ఐదు ఇరవై ప్రాంతంలో. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు కాబట్టి నేరుగా నీళ్ల మీంచి పైకొస్తాడు. సూర్యాస్తమయం కోసం యారాడకి రావద్దు. పడమర వైపు కొండలున్నాయి, డిసెంబరులో ఐదు కొట్టకముందే తీరమంతా నీడ పడిపోతుంది. ఆ తర్వాత ఘాట్ మీద చీకట్లో రావడం అనవసరమైన టెన్షన్.

రెండో అడుగు: ముందురోజు రాత్రి సముద్రం సంగతి కనుక్కోవడం

వాన పడుతుందా లేదా అని ఫోన్లో చూసుకుని సరిపెట్టుకుంటాం. సముద్రానికి అది చాలదు. ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో హిందూ మహాసముద్రం దక్షిణ కొసన రేగిన తుపాను కెరటాలు కొద్ది రోజుల తర్వాత మన ఒడ్డుకి వచ్చి తగులుతాయి. ఇక్కడ గాలే ఉండదు, నీళ్లు మాత్రం ఉన్నట్టుండి పొంగుతాయి. ఇలాంటివాటికి హెచ్చరికలు ఇచ్చేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. కెరటాల ఎత్తు, గాలి, ఉప్పెన హెచ్చరికలు అన్నీ వాళ్ల వెబ్‌సైట్లో తీరం వారీగా ఉంటాయి. విశాఖ, అనకాపల్లి తీరాలకి హెచ్చరిక ఉందంటే ప్రయాణం వాయిదా వేసేయడమే.

తర్వాత ఆటుపోట్లు. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతిరోజూ అవి ముందురోజు కంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. అంటే గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూసినా సగం సంగతి తెలిసిపోతుంది. సరైన వేళలు కావాలంటే ఆటుపోట్ల పట్టిక ఏ యాప్‌లోనైనా దొరుకుతుంది, విశాఖపట్నం పోర్టు పేరు మీద చూడండి. పోటు దిగుతున్న వేళ చేరుకుంటే నడవడానికి వెడల్పాటి తడి ఇసుక దొరుకుతుంది, రాళ్ల మధ్య గుంటల్లో నిలిచిన నీళ్లలో చిన్న చిన్న చేపలు, పీతలు కనిపిస్తాయి.

మూడో అడుగు: సంచి సర్దుకోవడం

అక్కడ అన్నీ దొరుకుతాయనే నమ్మకంతో వెళ్లొద్దు. పొద్దున్న ఆరింటికి కొట్లేవీ తెరిచి ఉండవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఎండాకాలమైతే ఇంకాస్త. తినడానికి పులిహోర అంత మంచిది ఇంకోటి లేదు. చెడిపోదు, చేత్తో తినొచ్చు, ఉప్పుగాలికి రుచి పెరుగుతుంది కూడా. ఇడ్లీలైతే కారప్పొడి, నూనె కలిపి పట్టించి తీసుకెళ్లండి. సాంబారు జోలికి పోకండి, ఇసుక కలిసిన సాంబారు ఎవరూ తినలేరు. పెరుగన్నం చలికాలంలో సరే.

పాత దుప్పటి, మొహం మీద పడే ఎండకి టోపీ లేదా తువ్వాలు, ఒక జత బట్టలు, చెత్త కోసం గట్టి సంచి. బ్యాండ్ ఎయిడ్లు, డెట్టాల్ చిన్న సీసా. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, పార్కింగ్ దగ్గరో, కొబ్బరిబొండాల దగ్గరో ఫోన్ పే పనిచేయక ఇబ్బంది పడే బదులు. ఫోన్లో ఆ ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఓ ఐదు లీటర్ల ఖాళీ నీళ్ల డబ్బా, మూత గట్టిగా బిగించి, దానికి పదిహేను మీటర్ల నైలాన్ తాడు కట్టి డిక్కీలో పడేయండి. ఎందుకో నీళ్ల దగ్గరికి వచ్చాక చెబుతాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇంకో మాట. మరుగుదొడ్డి అవసరం ఇంట్లోనే తీర్చుకుని బయల్దేరండి. ముఖ్యంగా పెద్దవాళ్లు, ఆడవాళ్లు వెంట ఉంటే ఈ ఒక్క విషయం మర్చిపోవడం వల్లే సగం విహారాలు గంటలో ముగిసిపోతాయి.

నాలుగో అడుగు: దారి, ఘాట్

నగరం వైపు నుంచి వచ్చేవాళ్లు కాంప్లెక్స్, రైల్వే స్టేషన్, కాన్వెంట్ జంక్షన్ మీదుగా పోర్టు రోడ్డు పట్టుకుని సింధియా చేరాలి. గాజువాక వైపు వాళ్లు మల్కాపురం మీదుగా సింధియా వచ్చేయొచ్చు. పోర్టు రోడ్డు మీద బొగ్గు, ఇనుప ఖనిజం, కంటైనర్లు మోసే లారీలు రాత్రీ పగలూ తిరుగుతాయి. టూ వీలర్ మీద వెళ్లేవాళ్లు లారీకి ఎడమ పక్కన చేరి నడపొద్దు, డ్రైవరుకి మీరు కనిపించరు. రోడ్డు మీద దుమ్ము, నూనె మరకలు, సన్నటి బొగ్గు పొడి ఉంటాయి. మంచు తడి పడితే జారతాయి. ఎనిమిది ప్రాంతంలో డాక్‌యార్డు, షిప్‌యార్డు, రిఫైనరీ డ్యూటీల రద్దీ మొదలవుతుంది. తెల్లవారుజామునే దాటేస్తే దాని బెడద ఉండదు.

సింధియా దగ్గర కాస్త చుట్టూ చూడండి. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1941లో ఇక్కడే షిప్‌యార్డుకి శంకుస్థాపన చేయించింది. స్వతంత్రం వచ్చాక మొదట కట్టిన పెద్ద ఓడ 'జల ఉష' 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది కూడా ఇక్కడే. ఇప్పుడది హిందుస్థాన్ షిప్‌యార్డు. బీచ్‌కి వెళ్లే తొందరలో ఎవరూ ఆగరు గానీ, వైజాగ్ వైజాగ్ అయింది ఈ వీధుల్లోనే.

సిటీ బస్సులు యారాడ దాకా వెళ్తాయి. ఘాట్ మీద బస్సు కిటికీ పక్క సీటు దొరికితే అదే ఓ ప్రయాణం. ఎటొచ్చీ బస్సులు విరివిగా ఉండవు. దిగగానే తిరుగు బస్సు ఎప్పుడో కండక్టర్‌ని అడిగి తెలుసుకోండి. ఆటోలో వెళ్తే రానుపోను మాట్లాడుకుని, అక్కడ ఆగి ఉండేలా ఒప్పించుకోండి. తెల్లవారుజామున యారాడ నుంచి తిరుగు ఆటో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఘాట్ చిన్నదే కానీ మలుపులు బాగా మెలికగా ఉంటాయి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే జాగ్రత్త. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, బండిని న్యూట్రల్‌లో పెట్టి జారుకుంటూ రావద్దు. గేర్లు లేని స్కూటర్ మీద ఇద్దరు కూర్చుంటే బ్రేకు అదే పనిగా నొక్కిపట్టి ఉంచకండి, నొక్కుతూ వదులుతూ రండి. వేడెక్కిన బ్రేకు ఆఖరి మలుపులో పట్టదు. ప్రతి మలుపులో హారన్ కొట్టండి, ఎదురుగా బస్సు ఉంటే ఆగి దారి ఇవ్వండి.

కొండ మీద నుంచి తీరం మొత్తం ఒక్కసారిగా కనిపించే చోటు ఒకటి వస్తుంది. కింద కొబ్బరి తోటలు, వాటి అంచున పసుపు పచ్చటి ఇసుక గీత, దాని పక్కనే తెల్లటి నురుగు గీత. బండి రోడ్డు మధ్యలో కాకుండా పూర్తిగా పక్కకి తీసి ఆపి చూడండి. ఇదంతా నౌకాదళం ఇరుగుపొరుగు. వాళ్ల గోడలు, గేట్లు, ఓడల వైపు కెమెరా తిప్పొద్దు. డ్రోన్ మాట అసలే తలపెట్టొద్దు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పటి నుంచీ ఈ కొండ కాపలా కొండే.

డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది, 1957 నాటిది. సందర్శకులని మధ్యాహ్నం తర్వాత కొద్దిసేపే అనుమతిస్తారు కాబట్టి తెల్లవారుజాము ప్రయాణంలో అది కలవదు. రెండూ ఒకే రోజు చూసేయాలనుకుంటే రెండూ చెడతాయి. లైట్‌హౌస్‌కి ఇంకో రోజు రండి.

ఐదో అడుగు: దిగాక ఎక్కడ కూర్చోవాలి

బండి ఆపగానే ఎదురుగా కనిపించిన చోట చతికిలపడకండి. అందరూ చేసేది అదే, అందుకే అక్కడ ఎప్పుడూ సందడి. ఒడ్డు వెంట ఓ పది నిమిషాలు నడవండి. మాటలు వినపడటం ఆగిపోతుంది. ఆ పది నిమిషాలు నడవడానికి బద్ధకించినవాళ్లే యారాడలో జనం ఎక్కువ అని చెబుతారు.

కూర్చునే ముందు ఇసుక చదవడం నేర్చుకోండి. గత పోటు ఎక్కడిదాకా వచ్చిందో ఒడ్డు మీద ఓ గీత ఉంటుంది. ఎండిన నాచు, చిన్న గవ్వలు, పుల్లలు, మనుషులు పారేసిన చెప్పులు, అన్నీ ఒకే వరసలో పడి ఉంటాయి. దుప్పటి ఆ గీతకి పైన వేయాలి. గీతకి దిగువన ఇసుక గట్టిగా, చల్లగా, కూర్చోడానికి హాయిగా ఉంటుంది. అరగంట తర్వాత వచ్చే ఒక పెద్ద కెరటం మీ చెప్పులు, ఫోను, పులిహోర డబ్బా కలిపి తీసుకుపోతుంది.

ఇంకా పైకి వస్తే బాలబంద తీగలు ఊదారంగు పూలతో ఇసుకని అల్లుకుని ఉంటాయి. వాటి పక్కనే ముళ్లబంతుల్లా రావణాసురుడి మీసాలు. ఎండాక అవి తెగి గాలికి దొర్లుకుంటూ పోతాయి, పిల్లలు వెంటపడతారు. ఇసుక గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేవి ఈ మొక్కలే. వాటి మీద దుప్పటి పరవొద్దు, మీకూ గుచ్చుకుంటాయి.

కొబ్బరి తోటల్లో నీడ కోసం దూరేముందు అడగండి. చాలా తోటలకి యజమానులున్నారు. పైగా కొబ్బరి చెట్టు కింద పడుకోవడం ఎంత అందంగా అనిపించినా, పైన కాయలున్నాయో లేదో చూసి పడుకోవాలి.

ఓ పావుగంట కదలకుండా కూర్చుంటే మీ చుట్టూ ఉన్న కన్నాల్లోంచి పీతలు బయటికొస్తాయి. ఇసుక రంగులోనే ఉంటాయి, కళ్లు మాత్రం కాడల మీద నిలబెట్టినట్టు పైకి. ఒక్కోటి కాళ్ల మధ్య ఇసుక ముద్ద ఇరికించుకుని బయటికి తెచ్చి, రెండడుగులు పక్కకి వచ్చి విసిరేసి, మళ్లీ లోపలికి. మీ చెయ్యి కదిలితే చాలు, పది పీతలు ఒకేసారి మాయం. ఫోను లోపల పెట్టేయండి. ఇది చూడ్డానికే ఇంత దూరం వచ్చాం.

ఆరో అడుగు: నీళ్లు

ఇక్కడ కాస్త కఠినంగానే మాట్లాడతాను. యారాడలో ఈదొద్దు. మీకు ఈత వచ్చినా సరే. విశాఖ తీరంలో చాలాచోట్ల ఒడ్డు ఏటవాలుగా దిగుతుంది, మోకాలి లోతు అనుకున్నది రెండడుగుల్లో నడుము దాటుతుంది. ఆర్కే బీచ్, యారాడ, అప్పికొండ, పూడిమడక, ఏ పేరు తీసుకున్నా మునిగిపోయిన కుర్రాళ్ల వార్త ఒకటి గుర్తొస్తుంది. 2022 జులైలో పూడిమడకకి సరదాగా వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు కెరటాల్లో కొట్టుకుపోయారు.

అసలు లోపల జరిగేది ఇది. కెరటాలు వరసగా ఒడ్డుకి నీళ్లు తెచ్చి పోస్తుంటాయి. ఆ నీళ్లు వెనక్కి వెళ్లాలి కదా. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడో సన్నటి సందు దొరికితే అన్నీ అందులోంచే ఏరులా సముద్రంలోకి పరుగెడతాయి. అది మనిషిని కిందికి ముంచదు, దూరంగా లాక్కుపోతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. మోసం ఎక్కడంటే, ఒడ్డు నుంచి చూస్తే ఆ సందే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఇటూ అటూ కెరటాలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఓ పట్టీ మాత్రం విరగకుండా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. నురుగు, చెత్త ఒడ్డు వైపు రాకుండా లోపలికి పోతుంటాయి. పిల్లల్ని తీసుకుని జనం సరిగ్గా అక్కడికే వెళ్తారు, కెరటాలు లేవు కదా అని.

కాళ్లు తడుపుకోవడం వరకూ సరే. ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి నీళ్లు గమనించండి. కెరటాలు అన్నీ ఒకేలా రావు, కాసేపు చిన్నవి వచ్చి, తర్వాత వరసగా మూడు నాలుగు పెద్దవి వస్తాయి. పెద్దవి ఎక్కడిదాకా తాకుతున్నాయో చూశాక, చీలమండ లోతులో మాత్రమే నిలబడండి. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు. తడి రాళ్లు ఎక్కొద్దు, నాచు మీద కాలు నిలవదు. పిల్లలుంటే పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని ఉండాలి, "చూస్తున్నాంలే" అంటే చాలదు.

ఒకవేళ ఎవరైనా కొట్టుకుపోతే, లాక్కుపోతున్న మనిషి చేయాల్సింది ఒకటే. ఒడ్డు వైపు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ, ఊపిరి నిలబెట్టుకుని, చెయ్యి పైకెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ పాయ వెడల్పు సాధారణంగా తక్కువే, పక్కకి వస్తే వదిలేస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్లు మాత్రం దూకకూడదు. ఒకరి కోసం దిగి ముగ్గురు పోయిన సంఘటనలే ఎక్కువ. ఇప్పుడు ఆ ఖాళీ డబ్బా, తాడు గుర్తు చేసుకోండి. మూత బిగించిన ఐదు లీటర్ల డబ్బా పట్టుకుంటే మనిషి తేలతాడు. తాడు కొస మీరు పట్టుకుని, డబ్బా అతనికి అవతలగా పడేలా విసరండి. అదే సమయంలో ఇంకొకరు జాలర్లని కేకేయాలి, 112కి ఫోన్ చేయాలి. తీర రక్షక దళం నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. ఫోన్లో ముందే పెట్టుకోండి.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం చేయొద్దు. మనలో ఇంకా చాలామంది అదే చేస్తారు, దానివల్ల సమయం పోతుంది, నీళ్లు కక్కి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదడం, ఛాతీ మధ్య 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో, 108 వచ్చేదాకా. ఒక్కసారైనా ఎక్కడైనా నేర్చుకుని ఉంటే మంచిది.

కొన్ని నెలల్లో జెల్లీ చేపలు ఒడ్డుకి కొట్టుకొస్తాయి. నీలం బుడగలా మెరిసేవాటిని, చచ్చి పడి ఉన్నా సరే, ముట్టుకోవద్దు. కుడితే సముద్రపు నీళ్లతోనే కడిగి, ఇసుకతో రుద్దకుండా, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచి, వాపో ఆయాసమో ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈదితీరాలి అనుకునేవాళ్లు రుషికొండకి వెళ్లండి. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో మన దేశంలో మొదటి విడతగా వచ్చిన ఎనిమిది తీరాల్లో అదొకటి. అక్కడ లైఫ్‌గార్డులు ఉంటారు, ఎక్కడ దిగొచ్చో హద్దులు ఉంటాయి. ప్రశాంతత ఉండదు, అది వేరే సంగతి.

ఏడో అడుగు: అక్కడివాళ్లతో, తాబేళ్లతో

మనకి విహారం, జాలర్లకి అది పని చేసే చోటు. తెప్పలు, ఫైబర్ బోట్లు దింపే దారిలో దుప్పట్లు వేయొద్దు. వలలు ఆరబెట్టిన చోట నడవొద్దు, కాలికి చుట్టుకుంటే వల చిరుగుతుంది, అది కుట్టడానికి వాళ్లకి ఒక పూట పడుతుంది. ఈ తీరంలో ఎక్కడైనా పెద్దవల లాగుతూ కనిపిస్తే కాసేపు నిలబడి చూడండి. రెండు జట్లు రెండు తాళ్లు పట్టుకుని, మడమలు ఇసుకలో దిగేసి, అడుగు అడుగు వెనక్కి వేస్తూ దగ్గరికి జరుగుతారు. తాడు దాటి అటూ ఇటూ తిరగొద్దు. ఓ చెయ్యి వేస్తామంటే కాదనరు. వల ఒడ్డుకి చేరాక అందులో చేతులు పెట్టొద్దు, చేపలతో పాటు కడలి పాములు కూడా వస్తాయి.

నీళ్ల గురించి ఏ యాప్ కంటే వాళ్ల మాట నమ్మండి. "బాబూ, ఇయ్యాల లాగుడు ఎక్కువుంది, దిగకండి" అన్నారంటే ఇంక వాదన లేదు. చేపలు కొనాలనుకుంటే ఒడ్డునే కొనండి. నెత్తళ్లు, కవళ్లు, కానాగర్తలు దొరికితే అదృష్టం. వంజరం కావాలని పట్టుబట్టకండి, ఆ రోజు సముద్రం ఏమిస్తే అదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో చేప తక్కువ, ధర ఎక్కువ.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లవారుజామున వెళ్తే ట్రాక్టరు టైరు వెళ్లినట్టు జాడ నీళ్లలోంచి పైకి వచ్చి, మళ్లీ నీళ్లలోకి వెళ్లి కనిపించొచ్చు. ఆ జాడ కొసన ఉన్న ఇసుకని తవ్వొద్దు, తొక్కొద్దు. అటవీశాఖ వాళ్లు గుడ్లు సేకరించి సంరక్షణ కేంద్రాల్లో పెడతారు, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. పిల్ల తాబేళ్లు కనిపిస్తే టార్చి వేయొద్దు, వెలుగు చూసి సముద్రం అనుకుని అటు పోతాయి. చేత్తో ఎత్తి సెల్ఫీ దిగడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. కుక్కని వెంట తెచ్చుకునేవాళ్లు ఆ నెలల్లో ఇంట్లో వదిలి రండి.

యారాడ కుదరకపోతే

ఘాట్ మూసేసినా, అక్కడ జనం ఉన్నారని తెలిసినా దక్షిణం వైపు చూడండి. ఉత్తరాన రుషికొండ నుంచి భీమిలి దాకా రోడ్డు అందంగా ఉంటుంది కానీ ఇప్పుడు ప్రతి మలుపులో ఓ కేఫ్. అటు వెళ్తే మంగమారిపేట దగ్గర ఆగండి. ఆటు వేళలో రాళ్లు బయటపడతాయి, సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం అక్కడే ఉంది. దాని మీద ఎక్కి ఫొటోలు దిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దక్షిణాన స్టీల్‌ప్లాంట్ వెనక అప్పికొండ, సోమేశ్వరాలయం ఉన్న ఊరు. శివరాత్రి తప్ప మిగతా రోజుల్లో పొద్దున్న నిశ్శబ్దమే. పరవాడ దాటాక ముత్యాలమ్మపాలెం, అచ్యుతాపురం వైపు తంతడి, ఇంకా కిందికి పూడిమడక. వీటిలో నా ఓటు తంతడికి. ఇసుక దిబ్బలు, సరుగుడు చెట్లు, ఒక్క కొట్టు ఉండదు. ఇంకా ఓపికుంటే రేవుపోలవరం, కొండ మీద గుడి, కింద తీరం. అది మాత్రం ఒక పూటలో అయ్యేది కాదు, రోజంతా పెట్టుకోవాలి. నీళ్ల విషయంలో పైన చెప్పిందంతా వీటన్నిటికీ వర్తిస్తుంది, ఇంకాస్త ఎక్కువగా. ఎందుకంటే కేకేస్తే వినేవాళ్లు కూడా ఉండరు.

తిరుగు ప్రయాణం

తొమ్మిదిన్నరకి సర్దుకోవడం మొదలుపెట్టండి. మీ చెత్తతో పాటు పక్కన పడి ఉన్న రెండు సీసాలు కూడా సంచిలో వేసుకోండి. పగిలిన బీరు సీసా ముక్క ఇసుకలో కనిపించదు, చెప్పుల్లేకుండా పరిగెత్తే జాలరి పిల్లల కాళ్లకే దిగుతుంది. చెత్త సంచి ఊళ్లో కనిపించిన మొదటి డబ్బాలో కుక్కేయకుండా ఇంటిదాకా తీసుకొచ్చి పొద్దున్న చెత్తబండికి ఇవ్వండి.

కొన్న చేపల్ని అరిటాకులోనో, న్యూస్ పేపర్లోనో చుట్టి ఐసు ముక్కలున్న డబ్బాలో పెట్టుకోండి. కవళ్లు ఎండలో గంట కూడా ఆగవు. ఇంటికి రాగానే చేపలు ఫ్రిజ్‌లో పెట్టి, బండి అడుగున, చెయిన్ మీద, బ్రేకుల దగ్గర మంచినీళ్లు కొట్టి కడగండి. ఉప్పుగాలి తగిలిన ఇనుము వారంలో తుప్పు పడుతుంది. చెయిన్ ఆరాక నూనె వేయడం మర్చిపోవద్దు.